ఫోన్‌లో నడిపిన డీబగ్గర్

ఏం పని చేస్తావని మా వీధిలో ఎవరైనా అడిగితే, కంప్యూటర్ వాళ్లకు పుస్తకాలు రాసిపెడతానని చెప్పేదాన్ని. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వివరించే పుస్తకాలు. కంపెనీ బెంగళూరులో ఉంది, నేను బళ్లారిలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని రాస్తాను. పోయిన వానాకాలం నుంచి ఆ జవాబు సగమే నిజం. ఇప్పుడు నేను రాసేవి మనుషులు చదవడం లేదు. ఏఐ ఏజెంట్లు చదువుతున్నాయి.

ఏజెంటంటే, ఫలానా పని చేసిపెట్టమని చెబితే, ఆ పనిని తనే ముక్కలుగా విడదీసుకుని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోయే ప్రోగ్రాం. మా కంపెనీ వాళ్లు దాని చేతికి డీబగ్గర్ ఇవ్వాలనుకున్నారు. ఏదైనా ప్రోగ్రాం తప్పుగా నడుస్తుంటే దాన్ని మధ్యలో నిలబెట్టి, రాసిన కోడ్‌లో ఒక్కో వరుసే నడిపిస్తూ, లోపల ఎక్కడ ఏ విలువ ఉందో చూపించేదే డీబగ్గర్. ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టే టూల్ ఒకటి, ఒక వరుస ముందుకు నడిపే టూల్ ఒకటి, ఆగినదాన్ని మళ్లీ వదిలేది ఒకటి, విలువ చూసేది ఒకటి. ఇవన్నీ ఇంజనీర్లు తయారుచేశారు. ఏ టూల్ ఎప్పుడు వాడాలి, వాడితే అది తిరిగి ఏం చెబుతుంది, ఎప్పుడు దాని జోలికి పోకూడదు అన్నది రాయడం నా వంతు. ఏజెంట్ ఆ రాత చదివే టూల్ పట్టుకుంటుంది. పక్కన కూర్చుని చూపించేవాళ్లు దానికి ఎవరూ ఉండరు.

నాకిది పెద్ద పని అనిపించలేదు. డీబగ్గర్ల మీద ఏళ్ల తరబడి రాస్తున్నాను. పాత పుస్తకాల్లో నేను రాసిన వాక్యాలే తీసుకుని, కొంచెం కురచ చేసి పంపించాను.

మొదటి పరీక్షకు మా టీమ్ లీడ్ బస్సుల వేళలు చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి తీసుకుని, అందులో కావాలనే ఒక తప్పు పెట్టాడు. ఆ తప్పు వల్ల రోజులో చివరి బస్సు పట్టికలో కనపడదు. తప్పెక్కడుందో వెతకమని ఏజెంట్‌కు చెప్పాడు. నేను ఇంట్లో నా కంప్యూటర్‌లో అంతా చూస్తున్నాను. ఏజెంట్ ఒకచోట గుర్తు పెట్టింది. ప్రోగ్రాంను వదిలింది. అది పెట్టిన గుర్తు దగ్గరికి ప్రోగ్రాం రానేలేదు. వేరే దారిలో పోయి ముగిసిపోయింది. మా టూల్ మాత్రం "సరే" అని ఒక్క మాట తిరిగి చెప్పింది. ఏజెంట్ ప్రోగ్రాం ఆగిందనుకుని ఒక వరుస నడపమంది. మళ్లీ నడపమంది. ముగిసిపోయిన ప్రోగ్రాంను పట్టుకుని నడపమంటూనే ఉంది. చివరికి తప్పు దొరికిందని చెప్పి, బాగున్న చోట మార్పు చేసిపెట్టింది.

టీమ్ లీడ్ కన్నడ మనిషి, నెమ్మదస్తుడు. నేను రాసిన వివరణను తెర మీద పెట్టి పైకి చదివాడు. "ప్రోగ్రాం ఆగిన వరుస పసుపు రంగులో కనిపిస్తుంది" అన్న వాక్యం దగ్గర ఆగాడు. మనుషుల కోసం రాసినప్పటి వాక్యం అది, తీసేయడం మరిచిపోయాను.

"అదక్కె కణ్ణు ఇల్ల మేడం," అన్నాడు. దానికి కళ్లు లేవు. "నీవు బరెదిద్దష్టే అదక్కె గొత్తు."

మీరు రాసినంతే దానికి తెలుసు అని ఆయన అన్న మాట నన్ను చాలాసేపు వదల్లేదు. సిగ్గుగా అనిపించి కాదు. తెర కనపడని మనిషికి తెర మీద ఏముందో మాటల్లో చెప్పడం నాకు ఒకప్పుడు రోజూ ఉన్న పని. నా మొదటి ఉద్యోగమే అది.

*

డిగ్రీ అయిపోయిన ఏడు నేను సిరుగుప్ప నుంచి బళ్లారికి వచ్చి, ఒక టైలర్ షాపు పైన ఉన్న చిన్న గదిలో పనికి చేరాను. ఆ గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ఫోను, గోడకు ఒక దేవుడి పటం ఉండేవి. కింద కుట్టు మిషన్లు నడుస్తుంటే మా బల్లలు సన్నగా వణికేవి. ఆ కంపెనీ మొత్తం ఒక్క మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. రైసు మిల్లుల్లో వడ్ల బండ్లను తూచే కాటా ఉంటుంది కదా, ఆ కాటా నుంచి బరువును కంప్యూటర్‌లోకి తీసుకుని చీటీ కొట్టే ప్రోగ్రాం అక్క తనే రాసింది. సిరుగుప్ప, తెక్కలకోట వైపు కొన్ని మిల్లులు దాన్ని పెట్టుకున్నాయి.

అక్కకు ప్రోగ్రాం రాయడం వచ్చు, మిల్లు వాళ్లతో మాట్లాడడం వచ్చు. రానిదల్లా బస్సు ప్రయాణం. బస్సెక్కితే చాలు, ఊరు దాటకముందే వాంతులు. నిమ్మకాయ వాసన చూసినా, కిటికీ పక్కన కూర్చున్నా, ఏం చేసినా అంతే. "నా కడుపు నా మాట ఇనదు పాపా. నువ్వు పో, నేను ఫోన్‌లో ఉంటా," అనేది.

అట్లా నేను బస్సుల్లో తిరిగేదాన్ని. సంచిలో ప్రోగ్రాం ఉన్న సీడీ ఒక చేతిరుమాలులో చుట్టి, పక్కనే సద్ది డబ్బా. పొద్దున పూట సిరుగుప్ప బస్సులో ఎర్ర మట్టి, డీజిలు వాసన. కాలవ నీళ్లు కనపడగానే రెండు వైపులా వరి మళ్లు మొదలయ్యేవి. నాకు కిటికీ దొరికితే ఆ రోజంతా బాగుంటుందని ఎందుకో ఒక నమ్మకం. కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉండేవి. డ్రైవరు ఆ సగం వదిలి, మిగిలిన సగంలోనే ఎదురొచ్చే బండిని తప్పించుకుంటూ నడిపేవాడు. ఇప్పటికీ నాకు కొత్త వడ్ల దుమ్ము వాసన వస్తే పని మొదలుపెట్టాలనిపిస్తుంది.

మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోను భుజానికి చెవికి మధ్య ఇరికించుకుని, అక్క చెప్పింది చేసేదాన్ని. ప్రోగ్రాంను ఎక్కడ ఆపాలో, ఎన్ని వరుసలు నడపాలో, దేని విలువ చూడాలో ఆమె చెప్పేది. ఆమెకు తెర కనపడదు. నేను ఏం చెబితే అదే ఆమె తెర.

మొదట్లో నాకు చెప్పడం చేతకాలేదు.

"యాడ నిలబడింది?" అనేది అక్క.

"గుర్తు పెట్టిన కాడే అక్కా. పసుపు గీత వచ్చింది."

"గీత నాకి కనపడదు గదా పాపా. ఆ వరుసలో ఏం రాసుండాదో సదువు."

చదివేదాన్ని.

"ఇప్పుడు బరువు చూడు."

"సరిగ్గానే ఉన్నట్టుండాది."

"ఉన్నట్టుండాదా? అంకె చెప్పు. సరిగ్గా ఉండాదో లేదో నేను చెప్తా."

ఆమె గొంతులో కోపం ఉండేది కాదు. కానీ నేను ఊహించి ఒక్క మాట కలిపినా పట్టేసేది. నేను కంగారులో రెండు వరుసలు ముందుకు పోతే, "ఆగు. నేను అడగల్యా," అనేది. కొన్నాళ్లకు నాకు అలవాటైంది. ఆగిందా, నడుస్తోందా, ముగిసిందా అన్నది ముందు చెప్పేదాన్ని. తర్వాత ఎక్కడ ఆగిందో, ఆ తర్వాత ఎందుకు ఆగిందో. అంకెను అంకెలాగే చదివేదాన్ని. కుట్టు మిషన్ల చప్పుడు ఫోనులో నుంచి నాకు వినపడేది, మిల్లు చప్పుడు ఆమెకు వినపడేది. ఆ రెండు చప్పుళ్ల మధ్య మేమిద్దరం ఒకే ప్రోగ్రాంను చూస్తున్నట్టే ఉండేది.

*

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది తెక్కలకోట మిల్లులో జరిగింది.

కోతలు జోరుగా ఉన్న సమయం. మిల్లు నుంచి ఫోను వచ్చింది, కాటా అప్పుడప్పుడు బరువు తక్కువ చూపిస్తోందని. అన్ని బండ్లకూ కాదు, కొన్నింటికే. నేను బస్సు దిగి మిల్లు దగ్గరికి పోయేసరికి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వరుస కట్టాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన చీటీ చేత్తో పట్టుకుని మిల్లు యజమానితో మాట్లాడుతున్నాడు.

"ఇంటికాడ తూచుకోని వచ్చినా. ఈడికొచ్చేలోపల నా వడ్లు యాడ పోయినాయప్పా?"

యజమాని నా వైపు తిరిగాడు. "చూడమ్మా, వీళ్లు నన్ను దొంగనుకుంటాండారు. నీ కంప్యూటర్ ఏం చేస్తాండాదో నాకి తెలీదు. ఈ పొద్దు దీన్ని సరిచెయ్యల్ల."

కాటా గది బయట ఉంది, ఫోను లోపల యజమాని గదిలో ఉంది. ఫోను తీగ లాగి కిటికీలో నుంచి ఇవతలికి తెచ్చారు. అది నా కుర్చీ దాకా రాలేదు. కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, కీబోర్డును ఒడిలో పెట్టుకుని, మెడ పక్కకు వంచి తెర చూస్తూ కూర్చున్నాను. అక్క లైనులోకి వచ్చింది.

బరువు కంప్యూటర్‌లోకి వచ్చే వరుస దగ్గర గుర్తు పెట్టమంది. పెట్టాను. ఒక ట్రాక్టరును కాటా మీదికి రమ్మన్నాం. ప్రోగ్రాం గుర్తు దగ్గర ఆగింది. ఒక వరుస నడిపి అంకె చదివాను. బయటికి తొంగి చూసి కాటా డబ్బా మీద ఎర్రగా వెలుగుతున్న అంకెతో పోల్చాను. రెండూ ఒకటే. ఇంకో ట్రాక్టరు ఎక్కించాం. అదీ సరిగ్గా వచ్చింది. ఇంకొకటి. సరిగ్గానే వచ్చింది.

"గుర్తు తీసేసి వదులు," అంది అక్క.

తీసేసి వదిలాను. రెండో బండికే బరువు తక్కువ వచ్చింది.

మళ్లీ గుర్తు పెట్టాం. మళ్లీ అన్నీ సరిగ్గా వచ్చాయి. తీసేస్తే తప్పు. పెడితే ఒప్పు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. యజమాని నా వెనకే నిలబడ్డాడు.

"ఇంకెంతసేపమ్మా? బండ్లు రోడ్డు దంకా నిలబడిండాయి."

"అన్నా, రొంత ఉండు," అన్నాను.

ఫోనులో కుట్టు మిషన్ల చప్పుడు మాత్రం వస్తోంది. లైను పోయిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"ఉండా," అంది. "తెర వదిలెయ్ పాపా. ఫోను ఆడ పెట్టేసి బయటికి పో. బండి కాటా ఎక్కేటప్పుడు డబ్బా మీద అంకె ఏం చేస్తాండాదో చూసి రా. తెర కాదు, డబ్బా చూడు."

ఫోను కిటికీ మీద పెట్టి బయటికి పోయాను. ట్రాక్టరు కాటా ఎక్కి ఆగింది. వెనక ట్రాలీ ఇంకా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. డబ్బా మీద అంకె ఒక్కచోట నిలబడడం లేదు. పైకీ కిందికీ మారి మారి, ట్రాలీ ఊగడం ఆగాక నిలిచింది. పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను.

అక్క వెంటనే అందుకుంది. "అదీ సంగతి. బండి ఊగుతాండంగనే మన ప్రోగ్రాం బరువు తీసేసుకుంటాండాది. మనం ఆపి చూసేటప్పుడు, నువ్వు నాతో మాట్లాడేలోపల బండి ఊగేది నిలబడిపోతాది. అందుకే మనం చూసినప్పుడంతా సరిగ్గా ఉండాది."

ఆ తర్వాత చేయాల్సింది ఆమె అక్షరం అక్షరం చెబుతుంటే నేను టైపు చేశాను. బరువును వెంట వెంటనే కొన్నిసార్లు చదివి, అన్నీ ఒకేలా వస్తేనే తీసుకోవాలి. వేరువేరుగా వస్తే మళ్లీ చదవాలి. గుర్తులన్నీ తీసేసి వదిలాం. బండ్లు కదిలాయి. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి దిగుతున్నాయి, చీటీలు వస్తున్నాయి. మొదట వాదించిన పెద్దాయన తన బండిని మళ్లీ తూయించుకుని, కొత్త చీటీ చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నం యజమాని ఇంటి నుంచి జొన్నరొట్టెలు, వంకాయ పల్యం వచ్చాయి. బస్తాలు మోసే హమాలీలతోపాటు నేనూ మిల్లు అరుగు మీద కూర్చుని తిన్నాను. ఆ పూట తిన్న రొట్టె రుచి మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు. సాయంత్రం బళ్లారిలో దిగి మెట్లెక్కి పోతే, అక్క నా కోసం టీ తెప్పించి మూత పెట్టి ఉంచింది. చల్లారిపోయిన ఆ టీని ఇద్దరం పంచుకుని, జరిగినదంతా మొదటి నుంచి మళ్లీ చెప్పుకున్నాం.

అట్లా కొన్నేళ్లు నడిచింది. తర్వాత మిల్లులు పెద్దవయ్యాయి, కాటా అమ్మేవాళ్లే సాఫ్ట్‌వేర్ కూడా కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. మా గదికి ఫోన్లు తగ్గాయి. అక్క పెళ్లి చేసుకుని బళ్లారి దగ్గరి కప్పగల్లు పోయింది. నేను బెంగళూరులో రాత పనికి చేరాను. అందరూ ఇళ్ల నుంచి పనిచేయడం మొదలైనప్పుడు బళ్లారికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. అక్కతో మాటలు పండక్కో పెళ్లికో ఒక ఫోను, అంతే.

*

టీమ్ లీడ్‌తో మాట్లాడిన ఆ వారంలోనే ఒక ఆదివారం స్కూటర్ మీద కప్పగల్లు పోయాను. వస్తున్నానని ముందే చెప్పాను. ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకుంది అక్క. వాళ్లాయనకు లారీలున్నాయి. సిరుగుప్ప మిల్లుల నుంచి బియ్యం లోడ్లు వేరే ఊళ్లకు పోతుంటాయి. ఆయన బండ్లు చూసుకుంటాడు, డ్రైవర్లతో ఫోను అక్కది. జుట్టు బాగా నెరిసింది. చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని, నన్ను కూర్చోమని చేత్తో సైగ చేసి మాట్లాడుతూనే ఉంది.

"యాడ నిలబడినావప్పా?... ఎందుకు?... టైరా, ట్రాఫిక్కా, సరిగ్గా చెప్పు... ముందర ఎన్ని బండ్లుండాయి? శానా అంటే నాకేం తెలుస్తాది? ఎంచి చెప్పు."

నేను నవ్వుతుంటే, హెడ్‌ఫోను తీసి, "ఏందే?" అంది.

"ఏమీ మారల్యా అక్కా నువ్వు."

భోజనాలయ్యాక నా పని గురించి చెప్పాను. ఏజెంటంటే ఏమిటో, దాని చేతికి డీబగ్గర్ ఎందుకో, అది ముగిసిపోయిన ప్రోగ్రాంను ఎట్లా నడపమందో. అక్క మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చివరికి, "నువ్వు రాసింది సదువు," అంది.

చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యానికే చెయ్యి ఎత్తింది. "ఇట్ల కాదు. ల్యాప్‌టాప్ తీసి నీ పక్కకి తిప్పుకో. నేను చూడను. నేనే ఆ ఏజెంటనుకో. టూల్ ఏం చెప్తాదో అంతే చెప్పు, నీ మాట ఒక్కటి కలపద్దు."

కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. నేను బస్సుల ప్రోగ్రాం తెరిచాను. ఒకచోట గుర్తు పెట్టమంది. పెట్టి, "సరే," అన్నాను.

"పడిందా గుర్తు?"

"టూల్ సరే అనే చెప్తాది అక్కా."

"ఆ వరుసలో అసలు కోడ్ ఉండాదో, ఊరికే మనుషులు సదువుకునేదానికి రాసిన కామెంటు ఉండాదో నాకెట్ల తెలియల్ల?"

ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకున్నాను.

"సరే, వదులు."

వదిలాను. ప్రోగ్రాం ముగిసిపోయింది. "సరే," అన్నాను.

అక్క కుర్చీతో సహా ఇటు తిరిగింది. "సరే అంటే ఏంది పాపా? నిలబడిందా, నడుస్తాండాదా, అయిపోయిందా?"

"అయిపోయింది."

"అది నాకి చెప్పల్ల గదా. చెప్పకుంటే నేనూ నడుపు నడుపు అనే అంటా. దాన్ని తిట్టేదానికి లేదు."

ఆ మధ్యాహ్నమంతా అట్లాగే గడిచింది. మధ్య మధ్యలో డ్రైవర్లు ఫోను చేసేవాళ్లు. ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని వాళ్లను అడిగి, తీసేసి నన్ను అడిగేది. ఒకసారి నేను వరుస నడిపే టూల్ గురించి చదువుతూ, ఇది ఒక వరుస నడిపి ఆగుతుందని చెప్పాను. ఆ వరుస ప్రోగ్రాంలోని ఇంకో పెద్ద భాగాన్ని పనికి పిలుస్తుంటే, దాని లోపలికి పోతుందా, దాటేసి పోతుందా అని అడిగింది. రెండింటికీ వేరే వేరే టూల్స్ ఉన్నాయని చెప్పాను. "మరి నేను దేన్ని తీసుకోవల్ల, ఎప్పుడు? పేర్లు రెండూ ఒకే మాదిరి ఉండాయి." వివరణల్లో నేను ఆ తేడా రాశాననే అనుకున్నాను. చూస్తే, రెండింట్లోనూ ఒకే వాక్యం, ఒక్క మాట తేడాతో ఉంది. మనిషైతే రెండు మీటలూ ఒకసారి నొక్కి చూసి నేర్చుకుంటాడు.

అక్క వాళ్లాయన సాయంత్రం వచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్న భార్యను, ఎదురుగా కాగితాలు పరుచుకున్న నన్ను చూసి, "ఏం జరుగుతాండాదమ్మా ఈడ?" అన్నాడు.

"గమ్మునుండు, పని చేస్తాండాం," అంది అక్క. ఆ మాట విని నాకు టైలర్ షాపు పైనున్న గది గుర్తొచ్చింది. పని చేస్తాండాం. ఎన్నేళ్లయిందో ఆమె నోట ఆ మాట నన్ను కలుపుకుని విని.

*

మరుసటి వారమంతా తిరగరాశాను. టూల్ తిరిగి ఏం చెప్పాలో కూడా మార్చమని ఇంజనీర్లను అడిగాను. వాళ్లు మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి టూలూ ప్రోగ్రాం ఆగిందా, నడుస్తోందా, ముగిసిందా అని ముందుగా చెబుతుంది. ఆగితే ఏ ఫైలులో ఏ వరుస, ఆ వరుసలో ఏం రాసి ఉంది, ఎందుకు ఆగింది. గుర్తు పడని చోట గుర్తు పెడితే పడలేదని చెబుతుంది. ప్రతి వివరణలోనూ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో రెండూ ఉన్నాయి. విలువ చూడకుండా తప్పు దొరికిందని చెప్పవద్దని కూడా ఒక వాక్యం రాశాను. రంగుల మాట ఎక్కడా లేదు.

ఈసారి ఏజెంట్ చివరి బస్సును పట్టుకుంది. బస్సుల లెక్క చివరిదానికి ఒకటి ముందే ఆగిపోతున్న వరుసను చూపించి, అక్కడ ఏ విలువ ఉందో, ఏది ఉండాలో చెప్పింది. టీమ్ లీడ్ నాకు ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. ఆయన నుంచి అది చాలా పెద్ద మాట.

కానీ ఇంకో పరీక్షలో తడబడింది. బయటి యంత్రం నుంచి కొలతలు తీసుకునే ప్రోగ్రాం అది. తప్పుగా కొలుస్తోంది. ఏజెంట్ గుర్తు పెట్టి ఆపి చూసింది, అంకెలు సరిగ్గా ఉన్నాయి. మళ్లీ ఆపి చూసింది. ఇందులో తప్పేమీ లేదని రాసిపెట్టింది. నేను ఆ నివేదిక చదివి, మేడ మీద గదిలో ఒంటరిగా నవ్వుకున్నాను. తర్వాత ఒక పేరా కలిపాను. ప్రోగ్రాంను ఆపితే ప్రోగ్రాం ఒక్కటే ఆగుతుంది, బయట ఉన్న యంత్రాలూ గడియారమూ ఆగవు. ఆపినప్పుడు సరిగ్గా ఉండి, వదిలినప్పుడు తప్పుతుంటే, ఆపకుండా ప్రతి కొలతనూ ఒకచోట రాయించుకుని చూడు. ఇంగ్లీషులో రాసిన ఆ పేరాలో ట్రాక్టరూ లేదు, వడ్లూ లేవు. కానీ రాస్తున్నంతసేపూ నా ముక్కుకు వడ్ల దుమ్ము తగులుతూనే ఉంది.

ఆ పేరా అక్కకు ఫోనులో చదివి వినిపించాను. తెక్కలకోట రోజు అంటే ఆమెకూ బాగా గుర్తుంది. కానీ నాకు గుర్తున్నట్టు కాదు.

"బండి ఊగుతాండాదని నువ్వే గదా చెప్పినావు," అంది.

"నువ్వు బయటికి పంపినావు అక్కా. నువ్వే కనుక్కున్నావు."

"నేను ఊరికే పంపినా. నాకేమీ తోచల్యా ఆ పొద్దు. నువ్వొచ్చి ట్రాలీ ఊగుతాండాదని చెప్తేనే నాకి తెలిసింది. అంకె మాత్రమే చూసి రమ్మంటే, నువ్వు ట్రాలీని కూడా చూసినావు."

ఇన్నేళ్లూ నేను ఆ కథను చాలామందికి చెప్పాను, ప్రతిసారీ అక్కనే తెలివైనదాన్ని చేసి. ఆమె కూడా చాలామందికి చెప్పిందట, నన్ను తెలివైనదాన్ని చేసి. ఎవరి మాట నిజమో తేల్చేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మేం తేల్చుకోవాలని కూడా అనుకోలేదు.

ఇప్పుడు నెలలో రెండు మూడు ఆదివారాలు కప్పగల్లు పోతున్నాను. కొత్త టూల్స్ వస్తూనే ఉన్నాయి. ఏ వివరణ రాసినా ముందు అక్క గోడ వైపు తిరిగి కూర్చుని వింటుంది. ఇందుకు అనుమతి ఇమ్మని కంపెనీని అడిగాను. ఈ సంగతులు బయట చెప్పనని ఆమె చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకుని వాళ్లు ఒప్పుకున్నారు. సంతకం పెట్టేటప్పుడు, ఉద్యోగం అన్న చోట ఏం రాయాలని అక్క నన్ను అడిగింది. ప్రోగ్రామర్ అని రాయమన్నాను. అక్క అదే రాసింది.

పోయిన వారం ఒక కొత్త పని వచ్చింది. నడుస్తూ నడుస్తూ పడిపోయిన ప్రోగ్రాం చివరి స్థితిని భద్రం చేసుకుని, తర్వాత తెరిచి చూసే టూల్స్. అవి మా కాలంలో మాకు లేవు. అక్కకు ఆ సంగతి చెబితే కళ్లు మెరిశాయి.

"పడిపోయినాక కూడా చూడొచ్చా? మన పాత మిల్లులో అది ఉండుంటే," అంటూ ఒక మిల్లు, ఒక వానాకాలం, ఎన్నాళ్లకూ దొరకని ఒక తప్పు గురించి చెప్పడం మొదలుపెట్టింది. అది నాకు తెలియని కథ, నేను చేరకముందుది. ఫోను మోగింది. డ్రైవరును లైనులోనే ఆగమని చెప్పి, ఆమె ముందు ఆ కథ పూర్తి చేసింది.